కొత్త తీరానికి వెళ్తున్నారా? బోటు కొనే ముందు రేవు చూసి రండి

ఊరు మారి వేరే చోట సముద్రంలో చేపల వేటకు దిగుదామనుకునేవాళ్లు అందరూ ఒకేలా అడుగుతారు: ఎన్ని అడుగుల బోటు కొనాలి, ఇంజను ఎన్ని హెచ్‌పీ ఉండాలి, కొత్తదా పాతదా అని. నేనైతే అవన్నీ పక్కన పెట్టి ఒక్కటే అడుగుతాను. వేట ముగిశాక రాత్రికి ఆ బోటు ఎక్కడ ఉంటుంది? ఇసుక మీదికి లాగి పెడతారా, జెట్టీకి కడతారా, ఏటి మొగలో లంగరు వేస్తారా? దీనికి జవాబు దొరికితే సగం బోట్లు మీ జాబితాలోంచి వాటంతటవే పోతాయి.

శ్రీకాకుళం, విజయనగరం వైపు చూడండి. భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి, ఇవన్నీ తెరిచి ఉన్న ఇసుక తీరాలు. కెరటాలను చీల్చుకుని వెళ్లాలి, మళ్లీ కెరటం మీదే వచ్చి ఇసుకలో దిగాలి. అందుకే అక్కడ ఫైబర్ తెప్పలే రాజ్యమేలుతున్నాయి. అడుగు దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, లోపల ఫోము నింపి ఉంటుంది కాబట్టి నీళ్లు నిండినా మునగదు, వెనక లాంగ్ టెయిల్ ఇంజను, అంటే పొడుగు కడ్డీ చివర ఫ్యాను (ప్రొపెల్లర్) ఉండేది. ఒడ్డు దగ్గర పడగానే ఆ పొడుగు తోకను పైకి ఎత్తేస్తారు, ఫ్యాను ఇసుకకు తగలదు. అదే హార్బర్ బోటుకు ఫ్యాను అడుగున బిగించి ఉంటుంది, దాన్ని ఇలాంటి ఇసుక మీదికి తెస్తే మొదటి రోజే షాఫ్టు వంగుతుంది, పైగా అంత బరువును పైకి లాగడానికి ట్రాక్టర్ కావాలి.

కాకినాడ సంగతి వేరు. హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండటంతో లోపల బే ప్రశాంతంగా ఉంటుంది, కానీ లోతు తక్కువ, అడుగంతా బురద. హార్బర్ ఉంది కాబట్టి కేబిన్ ఉన్న బోట్లు, ఐసు గది ఉన్న బోట్లు నడుస్తాయి. పట్టుమని 20 కిలోమీటర్లు లేని ఉప్పాడకు వెళ్తే మళ్లీ ఇసుక తీరమే, అదీ కోతకు గురవుతున్న తీరం, బోటు లాగి పెట్టుకునే జాగా ఏటికేడు తగ్గుతోంది. అక్కడ బోటు కొనేవాళ్లు ముందు దాన్ని పెట్టుకోవడానికి చోటు ఎవరిస్తారో తేల్చుకోవాలి. ఇంత దగ్గరి రెండు ఊళ్లకే ఇంత తేడా ఉంటే, జిల్లా దాటితే చెప్పాలా!

ఇంకా కిందికి, బందరు గిలకలదిండి, నిజాంపట్నం వైపు అయితే మొగలో పూడిక పెద్ద తలనొప్పి. పాటు తీసినప్పుడు, అంటే సముద్రం నీరు వెనక్కి తగ్గినప్పుడు, బోట్లు బయటికి వెళ్లలేక, లోపలికి రాలేక మళ్లీ నీరు పెరిగే పోటు కోసం కాచుకుంటాయి. చేపలు నిండిన బోటు గంటల తరబడి బయట ఆగిందంటే ఐసు కరుగుతుంది, రేటు పడిపోతుంది. కాబట్టి ఇక్కడ చూడాల్సింది బోటు పొడవు కంటే అది నీళ్లలో ఎంత లోతు దిగుతుందన్నదే, అదీ ఖాళీ బోటు కాదు, డీజిలు, ఐసు, సరుకు నింపాక. అమావాస్యకో పౌర్ణమికో వెళ్లండి, పాటు పూర్తిగా తీసిన వేళ ఎవరి పడవలోనైనా మొగ దాకా వెళ్లి వెదురు గడ దింపి చూడండి. గడ మీద తడి ఎక్కడిదాకా వచ్చిందో అదే మీ కొలత. మనుషులను అడిగితే "ఏం పర్లేదండీ, వెళ్లిపోవచ్చు" అంటారు, గడ అలా మొహమాటపడదు. పులికాట్ సరస్సులో వేట అయితే ఈ లెక్క కూడా అక్కర్లేదు, చాలా చోట్ల మనిషి లోతు కూడా ఉండదు, అడుగు చదునుగా ఉన్న నావ తప్ప ఇంకేదీ ఆలోచించకండి.

రేవు చూడటానికి ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. సంక్రాంతి తర్వాత సముద్రం మెత్తగా ఉంటుంది, ఆ రోజుల్లో చూసి "ఇక్కడ కెరటం పెద్దగా లేదు" అని తీర్మానించుకున్నవాళ్లు జూన్ తర్వాత నైరుతి గాలికి అసలు రూపం చూసి బిక్కమొహం వేస్తారు. జూన్, సెప్టెంబరు మధ్య ఒకసారి వెళ్లి, తెల్లవారుజామున బోట్లు దింపేటప్పుడు ఒడ్డున నిలబడండి. ఒక్కో బోటును ఎంతమంది తోస్తున్నారు, ఎన్నో కెరటానికి దాటుతోంది, ఇంజను ఎక్కడ స్టార్ట్ చేస్తున్నారు, తిరిగొచ్చాక దాన్ని ఎంత పైకి లాగుతున్నారు, ఇవన్నీ చూడండి. తోసేవాళ్లు మీకూ దొరుకుతారా అన్నది అసలు ప్రశ్న. సొంతూళ్లో అన్నదమ్ములు, బావమరుదులు వచ్చి చెయ్యి వేస్తారు, కొత్త ఊళ్లో ఆ చేతులకు డబ్బులివ్వాలి లేదా చేపల్లో వాటా ఇవ్వాలి. ఆరుగురు తోయాల్సిన బోటుకు మీ దగ్గర నలుగురే ఉంటే ఒక సైజు తగ్గించి కొనుక్కోవడమే మేలు.

రేవు తర్వాత వల. కవ్వలు, కానాగంతల లాంటి చేపలకు వెళ్లి అదే రోజు తిరిగొచ్చేవాళ్లకు వల పరుచుకోవడానికి ఖాళీ ఉంటే చాలు, కేబిన్ దండగ. పూడిమడక వాళ్లలా గాలాలతో ట్యూనాకు వెళ్లేవాళ్లకు ఐసు పెట్టె కావాలి, దూరం పోతారు కాబట్టి రెండో ఇంజను ఉంటే ధైర్యం. విశాఖ హార్బర్ నుంచి రోజుల తరబడి వేటకు వెళ్లే సోనా బోట్లు (పెద్ద ట్రాల్ బోట్లు) ఇంకో లోకం, వాటికి సరంగు (నడిపేవాడు), కళాసీలు (పనివాళ్లు), ఒక్కో ట్రిప్పుకు డీజిలు, ఐసు పెట్టుబడి, ఇదంతా తట్టుకోగలిగితేనే వాటి జోలికి వెళ్లాలి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మన రాష్ట్రంలో మెకనైజ్డ్ బోట్లు (ఇంజను లోపలే బిగించిన పెద్ద బోట్లు) వేట చేయకూడదు, అది సంప్రదాయ మత్స్యకారుల జాగా. కాబట్టి పెద్ద బోటు కొంటే ప్రతి ట్రిప్పుకూ ఆ దూరం దాటడానికయ్యే డీజిలు ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వల సంగతి అయితే ఆ ఊరి పెద్దలను అడగకుండా ముట్టుకోవద్దు. 2022 జనవరిలో విశాఖలో ఆ వల మీద వచ్చిన గొడవ బోట్లు తగలబెట్టుకునేదాకా పోయింది.

ఇక ఉన్న బోటును లారీలో వేసుకుని తీసుకెళ్లాలా అంటే, చాలామందికి నేను చెప్పేది అమ్మేయమనే. బోటు మీద మమకారం ఉంటుంది, కాదనను, గంగమ్మకు మొక్కి దింపిన బోటు మరి. కానీ రవాణా, దారిలో దెబ్బలు, అక్కడికెళ్లాక మార్పులు, అన్నీ కలిపితే కొత్త చోట అలవాటైన బోటు కొనుక్కోవడమే చవక. పైగా అక్కడి మెకానిక్‌కు, ఫైబర్ పని చేసేవాడికి ఆ రకం బోటే తెలుసు. మినహాయింపు ఒకటుంది: ఇసుక తీరం నుంచి ఇసుక తీరానికే వెళ్తుంటే, అంటే శ్రీకాకుళం నుంచి పూరీ దాకా ఎక్కడైనా, మీ తెప్ప అక్కడా పనికొస్తుంది. పూరీ పెంఠకటలో ఉన్నది తరాల కింద వెళ్లిన మన తెలుగువాళ్లే, వాళ్ల బోట్లు చూస్తే మీకేమీ కొత్తగా అనిపించదు. అయితే ఒడిశాలో తాబేళ్ల కోసం రుషికుల్య, దేవి, ధామ్రా మొగల దగ్గర 20 కిలోమీటర్ల వరకు నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం ఉంటుంది. అక్కడ దిగేవాళ్లు ఇంజను బోటు కొనే ముందు తమ రేవు ఆ హద్దులోకి వస్తుందో రాదో కనుక్కోవాలి.

పాత ఫైబర్ బోటు కొంటుంటే కొత్త పెయింటు చూసి సంతోషించకండి, అనుమానించండి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడే వేళ ముక్కు దగ్గర కూర్చుని పక్క వెంబడి వెనక్కి చూడండి, అతుకులు, ఉబ్బులు అన్నీ నీడలతో సహా కనిపిస్తాయి. తర్వాత ఒక రూపాయి బిళ్ల తీసుకుని అడుగంతా తట్టుకుంటూ పోండి. గట్టిగా టక్‌మని మోగితే బాగున్నట్టు, మందంగా డబ్‌మంటే లోపల పొరలు విడిపోయాయి లేదా నీళ్లు చేరాయి. ఇసుకలో రాసుకునే అడుగు భాగంలో ఫైబరు పోగులు కనబడుతున్నాయా చూడండి. ముఖ్యంగా ఇంజను బిగించే వెనక పలక. లోపల చెక్క పెట్టి పైన ఫైబరు చుడతారు, బోల్టు కన్నాల్లోంచి నీళ్లు దిగి ఆ చెక్క కుళ్లిపోతుంది, బయటికి ఏమీ తెలియదు. ఒక బోల్టు విప్పించి స్క్రూడ్రైవర్ దూర్చండి, మెత్తగా దిగినా, గోధుమ రంగు నీరు కారినా ఆ బోటు వద్దు. విప్పడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే అక్కడే లేచి వచ్చేయండి. ఇంకొకటి, ఫోములో నీళ్లు పట్టిన బోటు బరువెక్కుతుంది. అదే సైజు పక్క బోటును తోసేవాళ్లతోనే దీన్నీ తోయించి చూడండి, తేడా వాళ్ల మొహాల్లోనే తెలిసిపోతుంది.

ఇంజను దగ్గర ఒక్కటే పట్టు పట్టండి: చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయాలి. మీరు వచ్చేసరికే అది వెచ్చగా ఉందంటే ముందే తిప్పి పెట్టారన్నమాట, మర్నాడు చెప్పకుండా వెళ్లండి. ఆయిలు పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. కంపెనీ ఏదైనా ఫర్వాలేదు కానీ, ఆ రేవులో ఎక్కువమంది వాడేదే తీసుకోండి. మంచి ఇంజనే అయినా ఒక్క చిన్న పార్టు కోసం కాకినాడకో విశాఖకో మనిషిని పంపాల్సి వస్తే, చేపలు పడే వారం కాస్తా ఒడ్డునే గడిచిపోతుంది.

డబ్బు విషయం. కొత్త ఊళ్లో సావుకారు అడ్వాన్సు ఇస్తానంటాడు, చాలా తీయగా మాట్లాడతాడు. తీసుకుంటే చేపలు ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే వేయాలి, కమీషను వేరే. తప్పదనుకుంటే తీసుకోండి, కానీ బోటు మొత్తం ఆ డబ్బుతోనే కొనకండి. కేంద్ర పథకం పీఎం మత్స్య సంపద కింద బోటు, వలలకు సబ్సిడీ ఉంది, జనరల్‌కు 40 శాతం, ఎస్సీ ఎస్టీలకు, మహిళలకు 60 శాతం. దరఖాస్తు పెట్టుకోండి, అయితే ఆ డబ్బు వస్తుందన్న నమ్మకంతో అప్పు మాత్రం చేయొద్దు. ఇన్సూరెన్స్ దండగ అనేవాళ్లకు 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌ను గుర్తు చేయాలి, ఒక్క రాత్రిలో సుమారు 40 బోట్లు కాలిపోయాయి.

కాగితాల్లో రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. అందులో ఎంఎం అని ఉంటే మెకనైజ్డ్, ఎంఓ అని ఉంటే మోటరైజ్డ్, అంటే తెప్పల్లా బయట ఇంజను తగిలించినవి. బోటు చూస్తే ఒకటి, నంబరు చూస్తే ఇంకొకటి అయితే ఎక్కడో తేడా ఉంది. అమ్మినవాడి పేరు మీదే వదిలేసి తెల్ల కాగితం మీద రాసుకోవడం మనవాళ్లకు అలవాటు. అలా చేస్తే సబ్సిడీ డీజిలుకు, వేట విరామ భృతికి (నిషేధం రోజుల్లో ప్రభుత్వం ఇచ్చే డబ్బు) మీ పేరు ఎక్కడం కష్టం. మత్స్యశాఖ ఆఫీసుకు ఇద్దరూ కలిసి వెళ్లి పేరు మార్పించుకోండి, వేరే జిల్లా నుంచి తెస్తే అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కూడా అడగండి. దానికంటే ముందు, ఆ ఊరి కుల పెద్దలను కలవండి. ఆఫీసు కాగితం ఉన్నా వాళ్ల మాట లేకుండా రేవులో బోటు నిలవదు.

కొనడానికి మంచి సమయం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే వేట నిషేధం రోజులు. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, అడుగు తీరిగ్గా చూసుకోవచ్చు, చేతిలో డబ్బు ఆడక అమ్మేవాళ్లూ బేరానికి దిగుతారు. చిక్కల్లా ఒక్కటే, ఆ రోజుల్లో సముద్రంలో నడిపి చూపించలేరు. అందుకే కొంత అడ్వాన్సు ఇచ్చి, నిషేధం ఎత్తేశాక ఒక వేటకు మీరు కూడా ఎక్కి వెళ్లొచ్చాకే మిగతాది ఇస్తానని పెద్దల ముందు రాయించుకోండి. భృతి కోసం అధికారులు బోట్ల లెక్క రాసుకునేదీ ఈ రోజుల్లోనే కాబట్టి, ఈ ఏటి డబ్బు పాత యజమాని మనుషులకా మీ మనుషులకా అన్నది కూడా అదే కాగితంలో రాయించండి.