గుర్రం మీద కునుకు పట్టకుండా
రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వీడియో గేమ్‌లో స్వారీకే విసుగొచ్చి ఆట పక్కన పెట్టేశారా? మ్యాప్‌లో వెళ్లాల్సిన చోట గుర్తు పెట్టి, గుర్రాన్ని దౌడు తీయించి, సినిమాటిక్ కెమెరా (సినిమా షాట్లలా చూపించే కెమెరా) ఆన్ చేయండి. పరుగు బటన్ నొక్కి పట్టుకుంటే చాలు, దారి గుర్రమే చూసుకుంటుంది. రెండో చేత్తో టీ తాగొచ్చు!

రెండో అధ్యాయంలో క్యాంపు లెడ్జర్ (మకాం బాగుచేతలకు డబ్బు కట్టే పద్దుల పుస్తకం) తెరుచుకోగానే మొదట ముఠా నాయకుడు డచ్ గుడారం, ఆ వెంటనే మీరు ఆడే పాత్ర ఆర్థర్ గుడారం బాగు చేయించండి. అక్కడే ఫాస్ట్ ట్రావెల్ మ్యాప్ (స్వారీ లేకుండా దూరపు చోటికి చేర్చేది) దొరుకుతుంది. ఊళ్లో ఉంటే రైలు టికెట్ కొనుక్కోండి.

ఇక ఇళ్లలో ప్రతి సొరుగూ తెరవకండి. ఆర్థర్ ఒక్కో డబ్బా తీరిగ్గా అందుకోవడం మొదట్లో ముచ్చటగానే ఉంటుంది, ఇరవయ్యోసారికి ఒళ్లు మండుతుంది. మంచుకొండల మొదటి అధ్యాయానికి మాత్రం మందు లేదు, ఓర్చుకోవాల్సిందే.