బెంగళూరు చెరువులో ఆక్సిజన్ కొలవాలంటే తెల్లవారకముందే వెళ్లండి

మధ్యాహ్నం రెండింటికి కొలిస్తే మురుగు కలిసిన చెరువు కూడా ఆరోగ్యంగా కనిపిస్తుంది. నీళ్లలోని పచ్చటి నాచు ఎండ ఉన్నంతసేపు ఆక్సిజన్ వదులుతుంది. బెంగళూరు ఎత్తులో, 25 డిగ్రీల నీటిలో మామూలుగా కరిగి ఉండగలిగేది లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాములు. మీ లెక్క 12 చూపిస్తే సంతోషించకండి, అది నాచు ఎక్కువైందన్న గుర్తు. రాత్రి ఆ నాచూ, అడుగు బురదలోని బాక్టీరియా కలిసి ఉన్నదంతా వాడేస్తాయి. చేపలు ఎక్కువగా చచ్చి తేలేది అందుకే తెల్లవారుజామున.

కాబట్టి ఒకే చోట రెండుసార్లు తీయండి: సూర్యోదయానికి ముందొకటి, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య ఇంకొకటి. రాజకాలువ (వాన నీళ్లు, మురుగు మోసుకొచ్చే పెద్ద కాలువ) కలిసే చోట, అలుగు దగ్గర విడివిడిగా తీస్తే చెరువు లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. అలుగు కింద మాత్రం తీయకండి. నీళ్లు దూకేటప్పుడు గాలి కలిసి అంకె పెరిగిపోతుంది. బెళ్లందూరు చెరువులో డిటర్జెంటు నురగ లేచేది కూడా అలా నీళ్లు దూకి చిలికే చోటే.

కావాల్సినవి: 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసా (గాలి చొరకుండా గాజు మూత బిగిసే పరీక్ష సీసా), మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ ఎజైడ్, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్, పిపెట్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలు. ఎజైడ్ లేని ద్రావణం కొనకండి. మురుగులోని నైట్రైట్ వల్ల లేని ఆక్సిజన్ ఉన్నట్టు చూపిస్తుంది. ఎజైడ్ విషం, యాసిడ్ ఒళ్లు కాలుస్తుంది. పిల్లల చేతికి ఇవ్వద్దు.

సీసాను నీళ్లలో ఒరగబెట్టి ముంచి, బుడగ లేకుండా నిండనివ్వండి. బకెట్‌తో తోడి పోస్తే గాలి కలుస్తుంది, అక్కడితో ఆ నమూనా పాడైనట్టే. పిపెట్ మొనను నీటి మట్టం కిందకు దించి మాంగనీస్ సల్ఫేట్, తర్వాత ఆల్కలీ అయొడైడ్ ఎజైడ్ ఒక్కో మిల్లీలీటరు వేయండి. మూత పెట్టి తలకిందులుగా తిప్పండి. మట్టిరంగు మడ్డి వస్తే ఆక్సిజన్ ఉంది. తెల్లగా వస్తే దాదాపు లేదు, ఇక మిగతా పరీక్ష అక్కర్లేదు. మడ్డి సగానికి దిగాక యాసిడ్ ఒక మిల్లీలీటరు వేసి మళ్లీ తిప్పితే పసుపు ద్రావణం అవుతుంది. దాన్ని చీకట్లో ఉంచి అదే రోజు లాబ్‌కు చేర్చండి.

అక్కడ 201 మిల్లీలీటర్లు తీసుకుని 0.025 నార్మల్ (గాఢత కొలమానం) సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తారు, అంటే రంగు పోయేదాకా దాన్ని చుక్కచుక్కగా కొలిచి పోస్తారు. రంగు లేత పసుపుకు వచ్చాకే స్టార్చ్ వేయాలి. నీలం పోయేసరికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, లీటరుకు అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్.

చేపల పెంపకానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కనీసం లీటరుకు 4 మిల్లీగ్రాములు. తెల్లవారుజామున అది దక్కితే చెరువు బాగానే ఉంది. 2 కంటే దిగితే చాలా చేపలు బతకవు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మాత్రం పైకొచ్చి గాలి పీల్చుకుని నెట్టుకొస్తుంది. అందుకే ‘చేపలున్నాయి కదా’ అన్న వాదన చెల్లదు.

పొద్దున, మధ్యాహ్నం అంకెల మధ్య తేడా పెద్దదైతే నత్రజని, ఫాస్ఫరస్ ఎక్కువగా వస్తున్నాయని అర్థం. గుర్రపుడెక్క అల్లుకునేదీ వాటి వల్లే. తీయించి గట్టుమీదే కుప్ప పోస్తే, కుళ్లి ఆ ఎరువంతా తిరిగి నీళ్లలోకే దిగుతుంది. తీసిన రోజే లారీ కూడా మాట్లాడుకోవాలి. మామూలు మురుగు శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీళ్లలోనూ ఫాస్ఫరస్ చాలా వరకు మిగిలే ఉంటుంది. బెంగళూరులోనే జక్కూరు చెరువు దగ్గర శుద్ధి చేసిన నీళ్లను నేరుగా చెరువులోకి వదలకుండా జమ్ము పెరిగిన చిత్తడిలోంచి పంపేది దానికోసమే. ఆ జమ్మునూ అప్పుడప్పుడు కోసి బయటికి తరలించాలి, లేకపోతే పీల్చిందంతా అక్కడే కుళ్లుతుంది.