అటక మీది మందు తుపాకీ దింపుతున్నారా? ముందు కడ్డీ వేసి చూడండి

మూతిలోంచి మందు దట్టించే తుపాకీ పగిలి ఒక రైతు చేతివేళ్లు పోయాయన్న వార్త మళ్లీ వచ్చింది. సార్వా వెన్నులు పాలు పోసుకునే రోజులివి. లంకల్లో, కాలవ గట్ల వెంట పందుల బెడద మొదలవగానే, పంట రక్షణ లైసెన్సు ఉన్నవాళ్లు నెలల తరబడి మూలనున్న తుపాకీ బయటికి తీస్తారు. తాగి ముట్టుకోవద్దు, పిల్లలకు అందనివ్వవద్దు అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు. కొంపలు ముంచే తప్పు వేరే ఉంది.

మందు మీద మందు

లోపల ఒక మోతాదు (మందు, దాని మీద గుండు) ఉండగానే ఇంకోటి దట్టించడం. ఎవరూ కావాలని చేయరు. పోయిన దాళ్వాలో దట్టించి, కాల్చే పని పడక అలాగే దాచి ఉంటారు. లేదా అన్న దట్టించి పెడతాడు, తమ్ముడికి తెలియదు. ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించిన తుపాకీ నెలల తర్వాత తిరిగొస్తుంది, లోపల ఏముందో ఎవరికీ గుర్తుండదు. మన డెల్టాలో వీటన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ఇంకొకటి. చెమ్మకి మందు మెత్తబడుతుంది. క్యాప్ (మందుకి నిప్పు అందించే చిన్న లోహపు టోపీ) టప్పుమంటుంది గానీ మందు అంటుకోదు. చీకట్లో, హడావిడిలో "మందు చాల్లేదేమో" అని పైన ఇంకాస్త పోసి మళ్లీ దట్టిస్తారు. ఈసారి కొత్త క్యాప్ నిప్పు లోపలికి అందిందంటే రెండు మోతాదులూ ఒకేసారి లేస్తాయి. గొట్టం ఎడమచెయ్యి పట్టుకున్న చోటే పగలవచ్చు.

దీనికి మందు ఒక్కటే, దట్టించే కడ్డీ మీద రెండు గీతలు.

ముందుగా నిపిల్ (గొట్టం అడుగున క్యాప్ తొడిగే చిల్లుల మొన) మీద క్యాప్ లేదని చూసుకోండి. మూతి మొహానికీ మనుషులకీ దూరంగా ఉండాలి. కడ్డీని గొట్టం బయట, మూతి నుంచి నిపిల్ దాకా ఆనించి కొలవండి. ఇప్పుడు లోపలికి దింపండి. ఇంచుమించు అంత పొడవూ దిగి, ఇనుము ఇనుముకి తగిలినట్టు ఖంగుమంటే ఖాళీ. రెండు వేళ్లకు మించి బయటే ఆగి, చప్పుడు మొద్దుగా వస్తే లోపల మోతాదు ఉన్నట్టే లెక్క. ఖాళీ అని తేలాక మూతి దగ్గర కడ్డీ మీద ఆకురాయితో ఒక గీత పెట్టండి, అది ఖాళీ గీత. మీ తుపాకీకి సరైన మోతాదు దట్టించాక రెండో గీత, అది మోతాదు గీత. దట్టించే ముందు ఖాళీ గీత సరిగ్గా మూతి దగ్గర ఆగాలి, దట్టించాక మోతాదు గీత మూతి దగ్గర ఆగాలి. రెండో గీత మూతికి పైన ఆగిందంటే మోతాదు మీద మోతాదు పడింది, లేదా గుండు మధ్యలోనే ఇరుక్కుంది. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉన్నా గొట్టం ఉబ్బుతుంది, పగులుతుంది. ఆ తుపాకీని కాల్చకూడదు.

బోరు సంగతి

అమెరికా వెళ్లిన మన పిల్లల్లో కొందరు అక్కడ లైసెన్సు తీసుకుని మందు తుపాకీతో ఉడతల్ని, కుందేళ్లని వేటాడతారు. ఏ బోరు (గొట్టం లోపలి వెడల్పు) మంచిదని అడుగుతుంటారు. చిన్న జంతువులకి పాయింట్ 32, పాయింట్ 36 అంగుళాలు చాలు. 32 గుండు బరువు సుమారు 45 గ్రెయిన్లు, అంటే 3 గ్రాములకి కాస్త తక్కువ. 36 ది 65 గ్రెయిన్ల దరిదాపు. పాయింట్ 45 కి వెళ్తే 130 కి అటూ ఇటూ, అంత గుండు తగిలితే కుందేలులో తినడానికి పెద్దగా మిగలదు. రెంటిలో 36 తీసుకోమనే చెబుతాం. 32 బోరు సన్నం కాబట్టి నాలుగైదు దెబ్బలకే మసి పట్టి గుండు సగంలో ఇరుక్కుంటుంది. దానికి వాడే కర్రకడ్డీ కూడా సన్నమే, గట్టిగా నొక్కితే విరిగి అరచేతిలో దిగుతుంది. కడ్డీని మూతికి జానెడు ఎత్తులో పట్టుకుని కొద్దికొద్దిగా దింపాలి. ఏ బోరైనా రెండు గీతలు తప్పవు.

ఇక్కడ ఆ ప్రశ్నే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పంట రక్షణ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికే గానీ చంపడానికి అనుమతి కాదు. పందిని చంపాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాల్సిందే.

చెమ్మ

నల్లమందు కాలాక మిగిలే మసి గాల్లో తేమని లాగుతుంది. మన వాతావరణంలో తెల్లారేసరికి తుప్పు. కాల్చిన రోజే సబ్బు కలిపిన వేడినీళ్లతో కడిగి, గుడ్డతో పూర్తిగా ఆరబెట్టి, నూనె రాయండి. మళ్లీ వాడేటప్పుడు ఆ నూనె తుడిచెయ్యాలి. అడుగున నూనె నిలిస్తే మందు తడిసి అంటుకోదు, అక్కడి నుంచే మందు మీద మందు మొదలవుతుంది. ఖాళీ గొట్టం మీద ఒక క్యాప్ పేల్చి చూడండి. మూతి ముందున్న గడ్డిపోచ కదిలితే దారి తెరిచి ఉన్నట్టు.

ఇక మిగిలినవి.

క్యాప్ పేలి మందు లేవకపోతే మూతి అదే దిక్కున ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలవచ్చు. తర్వాత నిపిల్ రంధ్రం పిన్నుతో శుభ్రం చేసి కొత్త క్యాప్ పెట్టండి.

అప్పటికీ పేలకపోతే పైన మందు పోయకండి. మూతిలోంచీ, నిపిల్ తీసి ఆ రంధ్రంలోంచీ నీళ్లు పోసి మందు తడిపాకే లోపలిది లాగించాలి. అదీ లైసెన్సున్న రిపేరు షాపులో. ఆరితే నల్లమందు మళ్లీ అంటుకుంటుంది, రేపటికి వాయిదా వెయ్యకండి.

టపాకాయల మందు పొయ్యకండి. అందులో అల్యూమినియం పొడి ఉంటుంది, దాని దూకుడు వేరు. తూటాలు విప్పి తీసిన మందు అసలే వద్దు.

డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి వంపకండి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా చేతిలోనే పేలుతుంది. కొలపాత్రతోనే పొయ్యండి.

దట్టించేటప్పుడు మూతి మీదికి వంగకండి.

గట్టు మీద జారి పడ్డారా? మూతిలో బురద దూరిందేమో చూడకుండా కాల్చకండి. బురద బిరడాకీ గొట్టం పగులుతుంది.

పడవ ఎక్కే ముందు క్యాప్ తీసెయ్యండి.

నీటి మీదికి కాల్చకండి, గుండు ఎగిరి ఎటైనా పోతుంది. మనది చదునైన నేల, అడ్డుకునే గుట్టలు లేవు. వెనక మట్టికట్ట లేకపోతే గుండు పెట్టకండి.

చేలో కనబడిన వెలుగుకి గురిపెట్టకండి. రాత్రి నీళ్లు మళ్లించుకునే మనిషి టార్చి కావచ్చు.

తుపాకీ చేతులు మారిన ప్రతిసారీ కడ్డీ. స్టేషన్ నుంచి తెచ్చుకున్నాక కడ్డీ. అన్న ఖాళీయే అని చెప్పినా కడ్డీ.

మందు, క్యాపులు ఒకే చోట పెట్టకండి.

చప్పుడు కోసం గుళ్లు లేకుండా కాల్చినా దగ్గర్లో మనిషి ఉండకూడదు. మందు మీద కుక్కిన బిరడా కన్ను తీసేస్తుంది.

బిరడాగా కొబ్బరి పీచు పెట్టేవాళ్లు గాలివాటు చూసుకోండి. అది రాజుకుంటూనే పోయి పడుతుంది. కుప్పలు, గడ్డివాములు, తాటాకు పాకలు ఉన్న వైపు కాల్చకండి. కాల్చాక అది పడిన చోటు వెతికి, నీళ్లు పోసి, తొక్కి రండి.