కొత్త ఫోన్‌లోకి కాంటాక్టులు: ఒక్క నంబర్ కూడా పోకుండా మార్చుకోవడం ఎలా?

మా పిన్ని కొత్త ఫోన్ కొనుక్కున్న రోజు, పాత ఫోన్‌లోని సిమ్ తీసి కొత్తదాంట్లో వేసుకుంది. కాంటాక్ట్స్ తెరిస్తే అరవై చిల్లర పేర్లు కనిపించాయి. అవీ ఎప్పటివో పాతవి, సగం మంది నంబర్లు మార్చేసుకున్నవాళ్ళు. రోజూ మాట్లాడే అక్కచెల్లెళ్ళు, డాక్టరు, కరెంటు పనిచేసే అబ్బాయి మాత్రం ఒక్కరూ లేరు. "నంబర్లన్నీ పోయాయమ్మా" అని నాకు ఫోన్ చేసింది. చేయగలిగింది కూడా నా నంబర్ ఆవిడకి నోటికి వచ్చు కాబట్టే.

నిజానికి ఏవీ పోలేదు. పాత ఫోన్ మెమరీలో భద్రంగా ఉన్నాయి. సిమ్ మారిస్తే అన్నీ దాంతోపాటు వస్తాయనుకోవడమే జరిగిన పొరపాటు. చాలామంది ఇలాగే అనుకుంటారు. అందుకే మార్చడం ఎలాగో చూసేముందు అసలు మన నంబర్లు ఎక్కడ ఉన్నాయో చూద్దాం. అది తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు: నంబర్లు ఎక్కడున్నాయి?

కాంటాక్ట్స్ తెరిస్తే అంతా ఒకే లిస్టులా కనిపిస్తుంది కానీ ఆ పేర్లు మూడు చోట్ల నుంచి వచ్చి కలిసి ఉండొచ్చు: సిమ్, ఫోన్ మెమరీ, గూగుల్ లేదా ఐక్లౌడ్ లాంటి ఆన్‌లైన్ అకౌంట్. సిమ్‌లో ఉన్నవి సిమ్‌తో వస్తాయి. అకౌంట్‌లో ఉన్నవి ఆ అకౌంట్‌తో ఎక్కడ లాగిన్ అయితే అక్కడికి వస్తాయి. ఫోన్ మెమరీలో ఉన్నవి మాత్రం మనం కదిలించేదాకా అక్కడి నుంచి కదలవు. ఎక్కువగా పోయేవి ఇవే.

పాత ఫోన్‌లో గూగుల్ కాంటాక్ట్స్ యాప్ తెరిచి, పైన కుడివైపు ఉన్న మీ ఫొటో మీద నొక్కండి. ఫోన్‌లో ఉన్న అకౌంట్లు, డివైస్ (అంటే ఫోన్ మెమరీ), సిమ్ విడివిడిగా కనిపిస్తాయి. కొన్ని ఫోన్లలో ఈ ఏర్పాటు మెనూలో ఉంటుంది, పేర్లలో కూడా కొద్దిగా తేడా ఉండొచ్చు. ఒక్కోదాన్ని ఎంచుకుని ఎన్ని పేర్లున్నాయో చూసి, ఆ లెక్క ఒక కాగితం మీద రాసుకోండి. సిమ్‌లో 64, డివైస్‌లో 310, గూగుల్‌లో 22, ఇలా. చాదస్తంగా అనిపించినా ఈ కాగితాన్ని పారేయకండి. అన్నీ వచ్చాయో లేదో చివర్లో చెప్పేది అదే.

సిమ్ గురించి ఒక మాట

సిమ్‌లోకి కాపీ చేసుకుని కొత్త ఫోన్‌లోకి తెచ్చుకోవచ్చు కదా అని అడుగుతారు. కీప్యాడ్ ఫోన్ అయితే, వేరే దారి లేకపోతే, తప్పకుండా చేయండి. స్మార్ట్‌ఫోన్ చేతిలో ఉంటే మాత్రం నేను వద్దంటాను. సాధారణంగా సిమ్‌లో 250 పేర్ల దాకానే పడతాయి. ఒక్కో పేరు పక్కన ఒకే నంబర్ ఉంటుంది. ఒకే మనిషికి ఇంటి నంబర్, ఆఫీసు నంబర్ ఉంటే విడిపోతాయి, లేదా ఒకటి జారిపోతుంది. ఫొటో, ఈమెయిల్, పుట్టినరోజు సిమ్‌కి ఎక్కవు.

పేరు పొడవుకీ పరిమితి ఉంది. తెలుగులో సేవ్ చేసుకునేవాళ్ళకి ఇది మరీ ఇబ్బంది. 'లక్ష్మి' అనే పేరు మన కంటికి రెండక్షరాలు. ఫోన్ లెక్కలో మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు! అలాంటప్పుడు 'లక్ష్మి పెద్దమ్మ' అని రాసుకుంటే సిమ్‌లోకి వెళ్ళేసరికి మధ్యలో తెగిపోవచ్చు. ఇంట్లో ముగ్గురు లక్ష్ములుంటే ఎవరు పెద్దమ్మో, ఎవరు అత్తో తర్వాత వెతుక్కోవాలి.

ఈ-సిమ్‌కి, అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోనే ఇమిడి ఉండే సిమ్‌కి, మారుతున్నవాళ్ళు ఈ దారి అసలు నమ్ముకోవద్దు. ప్లాస్టిక్ సిమ్‌లోని పేర్లు ఈ-సిమ్‌లోకి వాటంతట అవి రావు. సిమ్ పోయి అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకున్నా అది ఖాళీగానే వస్తుంది.

ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి

ఎక్కువమందికి పనికొచ్చేది గూగుల్ అకౌంట్ దారి. పాత ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 'గూగుల్' నొక్కండి. అందులో 'గూగుల్ కాంటాక్ట్స్ సింక్' అని ఉంటుంది. సింక్ అంటే ఫోన్‌లోనూ అకౌంట్‌లోనూ పేర్లు ఒకేలా ఉండేలా చూసే ఏర్పాటు. కొన్ని ఫోన్లలో 'ఆల్ సర్వీసెస్' లోపల దొరుకుతుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైనున్న వెతికే గడిలో 'కాంటాక్ట్స్ సింక్' అని కొట్టండి. అక్కడ రెండు పనులు ఉన్నాయి. సింక్ ఆన్‌లో ఉందో లేదో చూడటం మొదటిది, ఇది అందరూ చేస్తారు. రెండోది 'ఆల్సో సింక్ డివైస్ కాంటాక్ట్స్' ఆన్ చేయడం. దీన్నే వదిలేస్తారు. ఫోన్ మెమరీలో ఇరుక్కున్న ఆ 310 పేర్లను అకౌంట్‌లోకి ఎక్కించేది ఇదే.

సిమ్‌లో ఉన్నవాటిని విడిగా తెచ్చుకోవాలి. కాంటాక్ట్స్ యాప్ కింద 'ఆర్గనైజ్' నొక్కి, 'ఇంపోర్ట్ ఫ్రమ్ సిమ్' ఎంచుకోండి. ఎక్కడ సేవ్ చేయాలని అడిగితే మీ గూగుల్ అకౌంట్ చూపించండి. వైఫైలో కాసేపు వదిలేసి, కంప్యూటర్లో గాని వేరే ఫోన్ బ్రౌజర్‌లో గాని గూగుల్ కాంటాక్ట్స్ సైట్ తెరవండి. అదే అకౌంట్‌తో లాగిన్ అయితే పేర్లు కనిపిస్తాయి. అక్కడ కనిపించాయంటే ఇక టెన్షన్ లేదు, ఫోన్ నీళ్ళలో పడ్డా నంబర్లు పోవు.

ఇలా బయట లాగిన్ అయి చూడమనడానికి ఇంకో కారణం ఉంది. ఫోన్ కొన్నప్పుడు ఎవరో అకౌంట్ పెట్టిచ్చి ఉంటారు, పాస్‌వర్డ్ మనకి గుర్తుండదు. కొత్త ఫోన్‌లో లాగిన్ అయ్యేటప్పుడు 'ఇది మీరేనా' అనే ప్రశ్న పాత ఫోన్‌కే వస్తుంది. ఆ ఫోన్ చేతిలో ఉండగానే పాస్‌వర్డ్ సరిచూసుకుంటే గొడవ ఉండదు.

కొత్త ఫోన్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయి, కాంటాక్ట్స్ సింక్ ఆన్‌లో పెట్టండి. కొద్ది నిమిషాల్లో పేర్లు వచ్చేస్తాయి. కొత్త ఫోన్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు 'పాత ఫోన్ నుంచి డేటా కాపీ చేయాలా' అని అడుగుతుంది. కేబుల్‌తో గాని, వైఫైతో గాని అప్పుడే అన్నీ తెచ్చుకున్నా మంచిదే. శాంసంగ్‌కి మారుతుంటే స్మార్ట్ స్విచ్ యాప్ ఇదే పని చేస్తుంది. కానీ ఏ దారిలో వచ్చినా చివరికి నంబర్లు అకౌంట్‌లో ఉన్నాయా అని చూసుకోండి. లేకపోతే వచ్చేసారి ఫోన్ మార్చినప్పుడు మళ్ళీ ఇదే తంటా.

అకౌంట్ వద్దనుకుంటే: వీసీఎఫ్ ఫైల్

ఆన్‌లైన్‌లో పెట్టడం ఇష్టం లేనివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకి వీసీఎఫ్ ఫైల్, అంటే కాంటాక్టులన్నీ కలిపి రాసిపెట్టే ఒక ఫైల్, చక్కటి దారి. అకౌంట్ ఉన్నవాళ్ళు కూడా ఒక కాపీ తీసిపెట్టుకుంటే మంచిది.

1. పాత ఫోన్ కాంటాక్ట్స్‌లో 'ఆర్గనైజ్', తర్వాత 'ఎక్స్‌పోర్ట్ టు ఫైల్' నొక్కండి. ఏ అకౌంట్‌వి కావాలో అడిగితే సిమ్, డివైస్ ఏదీ వదలకుండా టిక్ పెట్టండి.
2. ఫైల్ సాధారణంగా డౌన్‌లోడ్స్‌లో పడుతుంది. దాన్ని మీ ఈమెయిల్‌కి మీరే పంపుకోండి, లేదా బ్లూటూత్‌తో గాని, మెమరీ కార్డుతో గాని కొత్త ఫోన్‌కి చేర్చండి.
3. కొత్త ఫోన్‌లో ఆ ఫైల్ మీద నొక్కితే కాంటాక్ట్స్‌లోకి ఎక్కించమంటారా అని అడుగుతుంది. సరే అనండి.

రెండో మెట్టు దగ్గర చాలామంది ఆగిపోతారు. ఎక్స్‌పోర్ట్ అయిందనగానే పని అయిపోయిందనుకుని పాత ఫోన్ ఇచ్చేస్తారు. ఫైలేమో ఆ ఫోన్‌లోనే ఉండిపోతుంది.

ఆ ఫైల్‌ని తెరిచి చూస్తే లోపల పెద్ద రహస్యమేమీ ఉండదు. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు, అందులో పేరుకో వరుస, నంబర్‌కో వరుస. వీకార్డ్ అనే ఈ పద్ధతిలో 2.1 వెర్షన్ 1996 నాటిది, ఇప్పటికీ ఎన్నో ఫోన్లు దాన్నే రాస్తున్నాయి. అందుకే ఒక కంపెనీ ఫోన్ రాసిన ఫైల్‌ని ఇంకో కంపెనీ ఫోన్ చదవగలుగుతుంది. తెలుగు పేర్లు మాత్రం అందులో సమానం గుర్తులు, అంకెలు, ఇంగ్లిషు అక్షరాలు కలిసిన చిక్కుముడిలా కనిపించవచ్చు. చూసి కంగారుపడి వాటిని దిద్దొద్దు. కొత్త ఫోన్‌లోకి ఎక్కించగానే మళ్ళీ తెలుగవుతాయి.

ఆ ఫైల్‌లో ఉన్నవి మీ నంబర్లు కావు, మిమ్మల్ని నమ్మి ఇచ్చినవాళ్ళవి. గ్రూపుల్లో పెట్టొద్దు, ముక్కూమొహం తెలియని 'కాంటాక్ట్ బ్యాకప్' యాప్‌లకి ఇవ్వొద్దు. ఫోన్లోనే ఈ సౌకర్యం ఉన్నప్పుడు బయటి యాప్ అక్కర్లేదు.

ఐఫోన్ మధ్యలో ఉంటే

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి రావడం తేలిక. నంబర్లు గూగుల్‌లో ఉంటే ఐఫోన్ సెట్టింగ్స్‌లో కాంటాక్ట్స్ అకౌంట్ల దగ్గర గూగుల్ అకౌంట్ జోడించి, 'కాంటాక్ట్స్' ఆన్ చేస్తే చాలు. ఐఫోన్‌ని మొదటిసారి సెటప్ చేసేటప్పుడైతే పాత ఆండ్రాయిడ్‌లో 'మూవ్ టు ఐఓఎస్' యాప్ పెట్టుకుని మెసేజ్‌లతో సహా తెచ్చుకోవచ్చు. సిమ్‌లోని పేర్లకి కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో 'ఇంపోర్ట్ సిమ్ కాంటాక్ట్స్' ఉంది. ఐఫోన్ సిమ్ నుంచి తీసుకుంటుంది కానీ సిమ్‌కి తిరిగి రాయదు.

ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి వెళ్ళేవాళ్ళు ఒకచోట మోసపోతారు. ఐఫోన్‌లో గూగుల్ అకౌంట్ జోడించి కాంటాక్ట్స్ ఆన్ చేస్తే, ఐక్లౌడ్‌లో ఉన్న పేర్లన్నీ గూగుల్‌లోకి వెళ్ళిపోతాయనుకుంటారు. వెళ్ళవు. గూగుల్‌లో ఉన్నవి ఐఫోన్‌లో కనిపిస్తాయి, అంతే. ఐక్లౌడ్ పేర్లు తేవాలంటే కంప్యూటర్లో ఐక్లౌడ్ సైట్ తెరిచి, కాంటాక్ట్స్‌లో అన్నీ ఎంచుకుని వీకార్డ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఫైల్‌ని గూగుల్ కాంటాక్ట్స్ సైట్‌లో ఇంపోర్ట్ చేయండి. ఐఫోన్ నుంచి ఐఫోన్‌కైతే చెప్పడానికేమీ లేదు. రెంటిలో అదే యాపిల్ అకౌంట్, ఐక్లౌడ్‌లో కాంటాక్ట్స్ ఆన్, అయిపోయింది.

కీప్యాడ్ ఫోన్ నుంచి

ఇంట్లో పెద్దవాళ్ళకి మొదటి స్మార్ట్‌ఫోన్ ఇచ్చేటప్పుడు ఇది ఎదురవుతుంది. కీప్యాడ్ ఫోన్ కాంటాక్ట్స్ మెనూలో 'కాపీ టు సిమ్' ఉంటుంది. కొన్నింటిలో మెమరీ కార్డులోకి బ్యాకప్ కూడా ఉంటుంది, అది చాలాసార్లు వీసీఎఫ్ ఫైలే. రెండూ ఉంటే మెమరీ కార్డుదే మేలు. బ్లూటూత్ ఉంటే ఒక్కో కాంటాక్టునీ పంపొచ్చు, కానీ వంద దాటితే ఓపిక చచ్చిపోతుంది. నలభై లోపు పేర్లుంటే మాత్రం నా సలహా వేరు. ఆ పెద్దాయన పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించండి. ఎవరెవరు ఏమిటో ఆయన చెబుతారు, పనికిరానివి అక్కడే తీసేయొచ్చు. లిస్టు శుభ్రంగా తయారవుతుంది.

అన్నీ వచ్చాయా?

ఇప్పుడు ఆ కాగితం తీయండి. కొత్త ఫోన్‌లో మొత్తం లెక్క చూసి పోల్చండి. తక్కువ ఉంటే ఏదో ఒక చోటు వదిలేశారన్నమాట. ఎక్కువ ఉంటే ఒకే పేరు రెండు మూడు సార్లు వచ్చి ఉంటుంది. 'ఆర్గనైజ్'లో 'మెర్జ్ అండ్ ఫిక్స్' నొక్కితే జంటల్ని చూపిస్తుంది. అన్నీ ఒకేసారి కలిపేయకుండా పేర్లు చదివి కలపండి. ఒకే పేరున్న ఇద్దరు మనుషులు ఒకటైపోయే ప్రమాదం ఉంది. తర్వాత ఇంట్లోవాళ్ళవి, డాక్టరుది, ఆఫీసువి ఓ పది నంబర్లు తెరిచి అంకెలు సరిగా ఉన్నాయో చూడండి. వాట్సాప్ తెరిస్తే పేర్లకి బదులు ఉత్త నంబర్లు కనిపిస్తున్నాయా? అది ఎక్కువగా ఫోన్‌లోని కాంటాక్టుల లిస్టునే చూపిస్తుంది. కాంటాక్టులు చూసే అనుమతి దానికి ఇచ్చారో లేదో చూడండి.

కొత్త నంబర్లు ఎక్కడ సేవ్ అవ్వాలో కూడా ఇప్పుడే చెప్పేయండి. కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో కొత్త కాంటాక్టులకి డిఫాల్ట్ అకౌంట్‌గా మీ గూగుల్ అకౌంట్ పెట్టండి.

పాత ఫోన్ ఎవరికైనా ఇచ్చేముందు అందులో పేర్లు ఒక్కొక్కటిగా డిలీట్ చేయడం మొదలుపెట్టొద్దు. సింక్ ఆన్‌లో ఉంటే అక్కడ తీసేసినవి అకౌంట్‌లోంచి, దాంతో కొత్త ఫోన్‌లోంచి కూడా పోతాయి. ఇప్పటికే అలా చేసి ఉంటే గూగుల్ కాంటాక్ట్స్‌లో 'ట్రాష్' చూడండి, 30 రోజుల దాకా అక్కడే ఉంటాయి, వెనక్కి తెచ్చుకోవచ్చు. పాత ఫోన్‌ని ఖాళీ చేసే సరైన పద్ధతి వేరు. ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్‌ని ఆ ఫోన్ నుంచి తీసేయండి. దాంతో పేర్లు ఆ ఫోన్‌లో కనిపించవు, అకౌంట్‌లో మాత్రం అలాగే ఉంటాయి. తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే ఫోన్‌లో ఉన్నదంతా చెరిపి కొత్తదానిలా చేయండి. సిమ్, మెమరీ కార్డు బయటికి తీశారో లేదో ఒకసారి చూసుకుని ఇచ్చేయండి. తొందర లేకపోతే ఒక వారం ఆగి ఇవ్వండి, మా పిన్ని నంబర్లు దొరికింది ఆ పాత ఫోన్ ఇంకా ఇంట్లోనే ఉండబట్టి.