నాయకుల జీవితకథల నుంచి మన పనికి పనికొచ్చే పాఠం తీసుకోవడం ఎలా

కొత్తగా టీమ్ లీడర్ అయినవారికైనా, ప్రధానోపాధ్యాయ బాధ్యత అప్పుడే చేతికి వచ్చినవారికైనా, పొదుపు సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికైనవారికైనా చుట్టుపక్కలవారు ఇచ్చే మొదటి సలహా గొప్పవారి జీవితచరిత్రలు చదవమని. సలహా మంచిదే. అయితే చదివిన తరువాత మనసులో మిగిలేవి చాలాసార్లు పట్టుదల ఉండాలి, ఓటమికి కుంగిపోకూడదు వంటి మాటలే. వాటిని నమ్ముకుని సోమవారం ఉదయం ఆఫీసుకు వెళితే, ఆలస్యమైన పనికి పై అధికారి ముందు ఎవరు జవాబు చెప్పాలన్న చిన్న ప్రశ్నకు కూడా సమాధానం దొరకదు. అందుచేత మొత్తం జీవితాన్ని పక్కన పెట్టి, ఆ నాయకుడు లేదా నాయకురాలు ఇరకాటంలో పడిన ఒక్క రోజును ఎంచుకోండి. ఆ రోజు ఏం జరిగింది, వారి చేతిలో ఏ అధికారం ఉంది, నిర్ణయం వల్ల ఎవరికి నష్టం కలిగింది అన్న మూడు సంగతులు రాసుకుంటే, పాఠం దానంతట అదే బయటపడుతుంది.

నేను ఎప్పుడూ ముందుగా చెప్పే ఉదాహరణ శ్రీహరికోటది. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 నాలుగు దశల రాకెట్. మొదటి దశ సవ్యంగానే పనిచేసింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలోని నైట్రిక్ ఆమ్లం కారిపోవడంతో రాకెట్ అదుపు తప్పి బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. కౌంట్‌డౌన్ చివరి నిమిషాల్లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపమన్నా, ఇంధన నిల్వ సరిపోతుందన్న నిపుణుల మాట మీద ముందుకు వెళ్లాలని నిర్ణయించినది తానేనని ఆయనే తరువాతి కాలంలో అనేక ఉపన్యాసాల్లో చెప్పారు. ఆ రోజు విలేకరుల ముందు కూర్చుని వైఫల్యాన్ని తన మీద వేసుకున్నది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. మరుసటి ఏడాది, 1980 జులై 18న, అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు ధవన్ పక్కకు తప్పుకుని, విలేకరులతో మాట్లాడమని కలాంను పంపారు.

ఈ సంఘటనను చాలామంది విని ఉంటారు. దానిని చదివే పద్ధతి వేరు. మొదట, కథ ఎవరి నోట వచ్చిందో చూడండి. ధవన్ గొప్పతనాన్ని మనకు చెప్పినవాడు ధవన్ కాదు, ఆయన కింద పనిచేసిన మనిషి. తన ఔదార్యాన్ని తానే రాసుకున్న నాయకుడి మాట కంటే, ఆ ఔదార్యం వల్ల గట్టెక్కిన ఉద్యోగి మాటకు విలువ ఎక్కువ. ఏ జీవితచరిత్రలోనైనా ఈ తేడాను పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ పోతే సగం పేజీలు తేలికైపోతాయి. రెండవది, బయట కాపాడడం, లోపల వదిలేయడం ఒకటి కావు. విలేకరుల ముందు ఛైర్మన్ అడ్డు నిలిచారు కానీ, లోపల వైఫల్యం మీద విచారణ పూర్తిగా జరిగింది, ఏ కవాటం ఎక్కడ మొరాయించిందో తేలింది, కలాం తన నిర్ణయం తప్పని సమీక్షలో ఒప్పుకున్నారు. కథ చెప్పేవారు సాధారణంగా మొదటి సగంతోనే ఆపేస్తారు. రెండో సగం లేకుండా మొదటి సగాన్ని అనుకరించిన మేనేజర్ల దగ్గర అదే తప్పు ఏటా జరుగుతూ ఉంటుంది.

మూడవది, దానిని మన కొలతకు కుదించుకోవాలి. మనలో ఎవరికీ రాకెట్ లేదు. నేను చాలాకాలం క్రితం ఒక ముద్రణాలయంలో నలుగురు ప్రూఫ్‌రీడర్ల మీద సూపర్‌వైజర్‌గా ఉండేవాడిని. ఒక కంపెనీకి వేసిన గోడ క్యాలెండర్‌లో ఉగాది ఎర్ర అంకె ఒక గడి పక్కకు పడింది. రెండు వేల కాపీలు కట్టలు కట్టి వెళ్లిపోయాక ఆ కంపెనీ మనిషి ఒక కాపీని చుట్టచుట్టి పట్టుకొచ్చి, నా టేబుల్ మీద పరిచి, ఆ గడి మీద వేలు పెట్టాడు. "మా కుర్రాడు సరిగా చూడలేదండీ" అన్నాను. ఆ కుర్రాడు రెండడుగుల దూరంలో మరో ప్రూఫ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫైనల్ ప్రూఫ్ మీద ఉన్న సంతకం నాది. ఆ తరువాత రెండు నెలల పాటు ఆ నలుగురిలో ఒక్కరు కూడా నా దగ్గరికి వచ్చి, ఇక్కడ అనుమానంగా ఉంది సార్ అని చెప్పలేదు. అనుమానం చెప్పినవాడి పేరే రేపు బయటికి వస్తుందని వారికి అర్థమైపోయింది. ధవన్ కథ నాకు అప్పటికే తెలుసు, సభల్లో చెప్పేవాడిని కూడా. దానిని నా టేబుల్ దాకా తెచ్చుకోలేదు, అంతే. తరువాత రాసుకున్న నియమం రెండు వాక్యాలు: బయటివారి ముందు మేము అనే అనాలి, పేరు చెప్పకూడదు. అదే రోజు సాయంత్రం లోపుగా, ప్రూఫ్‌లన్నీ ముందు వేసుకుని, తప్పు ఏ దశలో జారిందో అందరం కలిసి చూడాలి.

చదివేటప్పుడు చేసే మరో పొరపాటు ఎప్పుడూ కథానాయకుడి స్థానంలోనే నిలబడి చూడడం. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఏర్పాటైన ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ల దుర్గాబాయి (తరువాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్) వాలంటీరుగా ఉంది. టికెట్ లేనివారిని పంపవద్దని చెప్పారు కనుక, టికెట్ లేకుండా వచ్చిన జవాహర్‌లాల్ నెహ్రూను ఆపింది. నిర్వాహకులు టికెట్ కొన్న తరువాతే లోపలికి వెళ్లనిచ్చింది. దీనిని ఆ బాలిక ధైర్యానికి నిదర్శనంగా చెప్పుకుంటాం, అది నిజమే. అయితే మీరు ఇప్పుడు అధికారంలో ఉన్నవారైతే ఆ ద్వారం దగ్గర మీ చోటు ఆమెది కాదు, లోపలికి వెళ్లాలని వచ్చిన పెద్దమనిషిది. నెహ్రూ కోపగించుకోకుండా ఆమెను మెచ్చుకున్నారు. మీరు పెట్టిన నియమమే మిమ్మల్ని ఆపిన రోజున, ఉదాహరణకు రసీదు లేదని మీ ప్రయాణపు బిల్లును ఎకౌంట్స్ గుమస్తా వెనక్కి పంపినప్పుడు, మీ ముఖం ఎలా ఉంటుందో ఆఫీసంతా చూస్తుంది.

ఆమె జీవితం నుంచి నేర్చుకోగల మరో చిట్కా సంవత్సరాలను మార్జిన్‌లో రాసుకోవడం. ద్వారం దగ్గరి సంఘటన 1923, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ 1937, రాజ్యాంగ సభ సభ్యత్వం 1946, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షత 1953. ఈ మధ్యలోనే ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, బయటికి వచ్చాక మెట్రిక్యులేషన్‌తో మొదలుపెట్టి న్యాయశాస్త్రం దాకా చదివారు. పుస్తకంలో రెండు పేజీల దూరంలో ఉన్న రెండు సంఘటనల మధ్య పద్నాలుగేళ్లు గడిచాయని కంటికి కనబడితే, ఆరు నెలల్లో సంస్థను మార్చేయాలన్న ఆత్రం కాస్త తగ్గుతుంది.

తప్పులు చేసిన రోజులను వదిలిపెట్టకండి; విజయాల కంటే అవే ఎక్కువ వివరంగా దొరుకుతాయి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన ఏడాదే, 2014 అక్టోబరులో, సాంకేతిక రంగంలోని మహిళల సమావేశంలో జీతం పెంపు అడగడానికి సంకోచించే మహిళలకు మీ సలహా ఏమిటని అడిగితే, అడగడం కంటే వ్యవస్థ మీద నమ్మకం ఉంచడం మేలని, అది మంచి కర్మ అని అన్నారు. విమర్శలు వెల్లువెత్తాయి. మొదట ట్విటర్‌లో తన మాట స్పష్టంగా లేదన్నట్లు రాశారు. అదే రోజు ఉద్యోగులకు పంపిన ఈమెయిల్‌లో మాత్రం, ఆ ప్రశ్నకు తాను పూర్తిగా తప్పు జవాబిచ్చానని, పెంపు తగినదని అనుకుంటే నేరుగా అడగాలని రాశారు. ఈ రెండు క్షమాపణలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది వినేవారి అవగాహన మీదికి కొంత భారాన్ని నెడుతుంది, రెండవది తప్పును పేరు పెట్టి పిలిచి సరైన జవాబును కూడా చెబుతుంది. మీరు రాయబోయే క్షమాపణలో 'ఎవరికైనా బాధ కలిగి ఉంటే' అన్న మాట ఉంటే కొట్టేసి మళ్లీ రాయండి.

ఏం తీసుకోకూడదో కూడా చెప్పాలి. నాలుగు గంటలే నిద్రపోతారట, కాలేజీ మధ్యలోనే మానేశారట వంటివి అలవాట్లు, పాఠాలు కావు. అలాగే చేసి ఎక్కడికీ చేరనివారి జీవితచరిత్రలు ఎవరూ అచ్చు వేయరు కనుక, వారి లెక్క మనకు అందదు. ఒక నాయకుడికి అనుకూలించిన పరిస్థితి మన దగ్గర లేకపోతే ఆ పేజీ తిప్పేయడమే మంచిది. ధవన్‌కు ఛైర్మన్ పదవి ఉంది, ఆయన మాట చెల్లేది, కింది ఉద్యోగి అదే సాహసం చేస్తే ఉద్యోగం పోవచ్చు.

ఆచరణలో నేను చేసేది ఇంతే. ఒక్కో సంఘటనకు నోట్‌బుక్కులో ఒక పేజీ. పైన ఆ రోజు సంగతి నాలుగు వాక్యాల్లో, మధ్యలో నా పనిలో దానికి దగ్గరగా ఉన్న సందర్భం, కింద నేను చేయబోయే ఒకే ఒక్క పని, దాని పక్కన తేదీ. మూడు నెలల తరువాత తిరిగి చూసి, ఒక్కసారి కూడా వాడకపోతే పేజీ మీద అడ్డగీత కొడతాను. అలా గీత పడిన పేజీలే ఎక్కువ. శ్రీహరికోట పేజీ ఇంకా ఉంది; అడుగున ఆ క్యాలెండర్ గడిని కత్తిరించి అంటించాను, ఎర్ర అంకె ఇప్పుడు కొద్దిగా వెలిసిపోయింది.