స్లీవ్‌లెస్ వేసుకుంటే బ్రా స్ట్రాప్ బయటికొస్తోందా? తప్పు ఎక్కడుందో ముందు పట్టుకోండి

స్లీవ్‌లెస్ వేసుకుని బయటికి వెళ్ళినప్పుడల్లా చేయి భుజం మీదకే పోతుంటే ఇక ఆ రోజంతా అదే ధ్యాస. పెళ్ళిలో ఫొటో దిగుతున్నా అదే, హనుమకొండలో పద్మాక్షి గుడి దగ్గర సద్దుల బతుకమ్మ ఆడుతూ వంగి చప్పట్లు కొడుతున్నా అదే. స్ట్రాప్ కనబడితే కొంపలేమీ మునగవు, కానీ మీకు ఇబ్బందిగా ఉందంటే దాన్ని సరిచేసుకోవడానికి ఆ కారణం చాలు. చాలామంది చేసే మొదటి పని స్ట్రాప్‌ను ఇంకాస్త బిగించడం. దానితో భుజం మీద గాటు పడుతుంది తప్ప సమస్య తీరదు, ఎందుకంటే తప్పు స్ట్రాప్‌లో ఉండేది తక్కువ, చుట్టూ ఉండే బ్యాండ్‌లోనో డ్రెస్ కటింగ్‌లోనో ఉండేది ఎక్కువ. అందుకే టేపులూ క్లిప్పులూ కొనే ముందు తప్పు ఎక్కడుందో చూడండి.

ముందు ఈ చిన్న పరీక్ష

డ్రెస్ లేకుండా బ్రా ఒక్కటే వేసుకుని అద్దం ముందు నిలబడండి. చేతులు రెండూ పైకెత్తండి, ముందుకు వంగండి, కోలాటం ఆడినట్టు నడుము అటూ ఇటూ తిప్పండి. స్ట్రాప్ ఇక్కడే జారిందంటే తప్పు బ్రాది, ఏ డ్రెస్ వేసినా జారుతుంది. ఇక్కడ జారకుండా నిలిచి, డ్రెస్ వేసుకున్నాకే కనబడుతోందంటే తప్పు డ్రెస్‌ది. వీపు వైపు మనకు కనబడదు కాబట్టి అక్కనో చెల్లెనో ఒక ఫొటో తీయమనండి. ఈ రెండింటికీ వైద్యం వేరు, అందుకే ఈ పరీక్ష దాటేసి కిందికి వెళ్ళొద్దు.

సమస్య: స్ట్రాప్ భుజం మీద నిలవకుండా జారి చేతి మీదకొస్తోంది

మొదట బ్యాండ్ చూడండి. బ్రాలో బరువు మోయాల్సింది ఛాతీ కింద చుట్టూ ఉండే బ్యాండ్. స్ట్రాప్ పని కప్పును ఒంటికి ఆనించి పట్టి ఉంచడం, అంతే. బ్యాండ్ వదులుగా ఉంటే వీపు మీద పైకి ఎక్కుతుంది, అది ఎక్కిన కొద్దీ వెనక వైపు స్ట్రాప్ సడలిపోతుంది, సడలింది కదా అని మనం బిగిస్తే ఆ లాగుడుకి బ్యాండ్ ఇంకా పైకి ఎక్కుతుంది. ఇలా బిగించుకుంటూ పోతే సాయంత్రానికి భుజాలు నొప్పి, స్ట్రాప్ మాత్రం మళ్ళీ కిందే.

ఇది తేల్చుకోవడం సులువు. రెండు స్ట్రాపులనూ భుజాల మీద నుంచి దించేయండి. బ్రా కాసేపు అక్కడే నిలబడితే బ్యాండ్ బాగున్నట్టు. వెంటనే కిందికి దిగిపోతే వదులైనట్టు. ఇంకో గుర్తు, వెనక బ్యాండ్ కింద రెండు వేళ్ళు దూరితే సరిపోయినట్టు, పిడికిలి దూరుతుందంటే చాలా వదులు.

వదులైతే లోపలి వరుస హుక్‌కి మార్చండి. అప్పటికే లోపలి వరుసలోనే వేసుకుంటున్నారా, ఇక ఆ బ్రా పని అయిపోయింది, దాన్ని ఇంట్లో వాడుకోండి. కొత్తది కొనేటప్పుడు అన్నిటికన్నా బయటి వరుసలో సరిగ్గా పట్టేది తీసుకోవాలి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్స్ పనికొస్తాయి. కొన్నప్పుడే లోపలి వరుసలో పట్టిందంటే కొన్నాళ్ళకు బిగించడానికి ఏమీ మిగలదు.

సైజు తగ్గించేటప్పుడు చాలామంది పొరబడే చోటు ఒకటుంది. బ్యాండ్ ఒక సైజు తగ్గితే కప్పు అక్షరం ఒకటి పెరగాలి. 36బి వదులైతే చూడాల్సింది 34సి, 34బి కాదు. 34బిలో కప్పు కూడా చిన్నదైపోతుంది, పక్కల నుంచి ఒళ్ళు బయటికొస్తుంది, అది స్లీవ్‌లెస్‌లో ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దుకాణంలో అడగడానికి మొహమాటపడి పెళ్ళికి ముందు కొన్న సైజే కాన్పు తర్వాత కూడా కొనేవాళ్ళు మన దగ్గర ఎంతమందో. ఒళ్ళు మారుతుంది, సైజూ మారుతుంది. ఇంట్లోనే టేపు పెట్టి ఛాతీ కింద చుట్టూ ఊపిరి వదిలి ఒకసారి, ఛాతీ మీద నిండుగా ఉన్నచోట ఒకసారి కొలిచి ఆ రెండు అంకెలూ ఫోన్‌లో రాసుకుని వెళ్ళండి. వరంగల్‌లో దుకాణాలుండే జేపీఎన్ రోడ్డులో పండగ ముందు రద్దీలో నిలబడి గుర్తు తెచ్చుకోవడం కన్నా అది నయం. కంపెనీ కంపెనీకీ సైజు కొద్దిగా తేడా ఉంటుంది కాబట్టి వేసి చూసుకోనిచ్చే చోటే కొనండి.

బ్యాండ్ బాగానే ఉండి ఇంకా జారుతోందంటే కప్పు చూడండి. కప్పు పైభాగం ముడతలు పడి ఖాళీగా ఉందా? ఖాళీ కప్పుకు లాగి పట్టే బరువు ఉండదు, స్ట్రాప్ ఊరికే భుజం మీద వేలాడుతుంది. బ్యాండ్ అదే ఉంచి కప్పు ఒకటి తగ్గించి చూడండి.

కొందరికి పొద్దున సరిగ్గా పెట్టుకున్న స్ట్రాప్ మధ్యాహ్నానికి పొడవైపోతుంది. ఇది రింగు తప్పు. సాటిన్‌లా నున్నగా ఉండే స్ట్రాప్ మీద ప్లాస్టిక్ రింగు నిలవదు, చేయి కదిపిన ప్రతిసారీ కొద్దికొద్దిగా జరుగుతుంది. మీకు సరిపోయే పొడవు చూసుకుని, రింగు పక్కనే రెండు పొరలూ కలిపి అదే రంగు దారంతో నాలుగు కుట్లు వేసేయండి. ఇక కదలదు. కావాలంటే తర్వాత విప్పుకోవచ్చు.

స్ట్రాప్ లాగి వదిలితే వెంటనే వెనక్కి రాకుండా మెల్లగా వస్తే ఎలాస్టిక్ చచ్చిపోయింది. బ్రా మిగతాదంతా బాగుంటే పారేయకండి, మ్యాచింగ్ సెంటర్లో ఎలాస్టిక్ అడగండి, లేడీస్ టైలర్ దగ్గర స్ట్రాపులు రెండూ మార్పించుకోవచ్చు. ఎలాస్టిక్‌ను తొందరగా చంపేవి వేడినీళ్ళు, బ్లీచింగ్, మన ఎండ. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో డాబా మీద స్ట్రాప్ పట్టి తీగకు వేలాడదీస్తే తడి బరువుకు అది సాగిపోతుంది, పైగా ఎండకు మాడుతుంది. నీడలో, కప్పుల మధ్య భాగం తీగ మీద పడేట్టు వేయండి.

ఇక కొందరి భుజాలు సహజంగానే కిందికి వాలి ఉంటాయి, వాళ్ళకు అన్నీ సరిగ్గా ఉన్నా జారుతుంది. స్ట్రాపులు చివర్లకు దూరంగా కుట్టి ఉండే సగం కప్పు రకాలు వీళ్ళకు అసలు పడవు. వీపు మీద స్ట్రాపులు దగ్గరగా వచ్చే రకం, అంటే యు ఆకారంలోనో రేసర్‌బ్యాక్‌లోనో ఉండేది తీసుకోండి. ఉన్న బ్రాతోనే గడవాలంటే వెనక రెండు స్ట్రాపులనూ దగ్గరకు లాగి పట్టే చిన్న ప్లాస్టిక్ క్లిప్ దొరుకుతుంది. అది లేనప్పుడు కాగితాలకు పెట్టే పెద్ద క్లిప్ కూడా ఆ పూటకు పనిచేస్తుంది. క్లిప్ పెట్టాక స్ట్రాప్ కొంచెం వదులు చేయడం మర్చిపోకండి, లేకపోతే మెడ దగ్గర లాగుతుంది.

ఒక వైపు స్ట్రాపే జారుతోందా? హ్యాండ్‌బ్యాగ్ ఏ భుజానికి వేస్తున్నారో చూడండి. కాజీపేట నుంచి స్కూటీ మీద వచ్చేవాళ్ళు బ్యాగ్‌ను అడ్డంగా వేసుకుంటే ఈ బాధ చాలావరకు పోతుంది.

సమస్య: బ్రా స్ట్రాప్ జారట్లేదు, డ్రెస్ భుజం పక్కనుంచి తొంగిచూస్తోంది

బ్రా బాగుంది, డ్రెస్ భుజమే కదులుతోంది, లేదా రెండూ ఒకదాని మీద ఒకటి లేవు. డ్రెస్ భుజం మీకు కనీసం స్ట్రాప్ వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ ఉండి, స్ట్రాప్ దాని కిందే పడుతుంటే, దీనికి అన్నిటికన్నా మంచి మందు భుజం కుట్టు లోపల ఒక చిన్న పట్టీ, దానికొక టిచ్ బటన్. నా మటుకు నేను స్లీవ్‌లెస్ ఏది కుట్టించినా ఇది లేకుండా తీసుకోను. టేపుల మీద పెట్టే డబ్బు దీని మీద పెట్టండి.

చేసే విధానం ఇది. సన్నటి రిబ్బన్ గానీ లైనింగ్ గుడ్డ మడిచి కుట్టిన పట్టీ గానీ సుమారు రెండు అంగుళాలు తీసుకోండి. డ్రెస్ తిరగేయండి. భుజం కుట్టు లోపల మిగిలిన బట్ట ఉంటుంది కదా, దానికే ఈ పట్టీ ఒక కొస కుట్టండి, చంక వైపు. పట్టీ రెండో కొసకు టిచ్ బటన్‌లో ఒక సగం, మెడ వైపు ఆ మిగులు బట్టకే ఇంకో సగం. బ్రా స్ట్రాప్ కింద నుంచి పట్టీ తిప్పి నొక్కితే డ్రెస్, స్ట్రాప్ కలిసి కదులుతాయి. బటన్ మెడ వైపు ఉంచమనడం ఎందుకంటే డ్రెస్ వేసుకున్నాక మెడలోంచి వేళ్ళు పెట్టి నొక్కడం తేలిక. సూది పై బట్టలోకి దిగకూడదు, దిగితే బయట చుక్కలు కనబడతాయి. పట్టీ స్ట్రాప్‌ను నొక్కిపట్టకుండా కొద్దిగా వదులుండాలి, మరీ బిగిస్తే చేయి ఎత్తినప్పుడు డ్రెస్సే పైకి లేస్తుంది.

కుట్టే టైమ్ లేదు, కారు హారన్ కొడుతోంది అంటే పిన్నీసు. అది కూడా ఆ మిగులు బట్టకే లోపల నుంచి గుచ్చాలి, నోరు ఒంటి వైపు కాకుండా బట్ట వైపు ఉండాలి. స్ట్రాప్‌కు గుచ్చితే ఎలాస్టిక్ దారాలు తెగిపోతాయి. పిన్నీసును స్ట్రాప్ కింద నుంచి తిప్పి రెండు కొసలూ బట్టకే పట్టిస్తే పట్టీలాగే పనిచేస్తుంది. పట్టు బట్టకు మాత్రం పిన్నీసు వద్దు, చిల్లు పోదు.

డ్రెస్ భుజం లోపలికి, మెడ దగ్గరికి కోసి ఉంటే పట్టీతో లాభం లేదు, స్ట్రాప్ ఉండాల్సిన చోట బట్టే లేదు. అక్కడ పైన చెప్పిన వెనక క్లిప్, లేదా స్ట్రాపులు విప్పి అడ్డంగానో మెడ చుట్టూనో వేసుకునే మల్టీవే బ్రా పనికొస్తుంది. మెడ మరీ వెడల్పై భుజమే జారిపోతుంటే వెనక మెడ దగ్గర రెండు భుజాలనూ కలుపుతూ ఒక డోరీ కుట్టించండి. డోరీ ముడి వేయగానే భుజాలు రెండూ లోపలికి వస్తాయి, చూడ్డానికీ బాగుంటుంది.

సమస్య: చంక కింద బ్రా పక్క భాగం కనబడుతోంది

చంక రౌండ్ లోతుగా కోశారు. స్ట్రాప్‌కు ఏం చేసినా ఇది పోదు. రెడీమేడ్ అయితే టైలర్‌తో భుజం దగ్గర కొంచెం ఎత్తి కుట్టించండి, చంక పైకి వస్తుంది, కానీ మెడ కూడా పైకి వస్తుందని ముందే చూసుకోండి. అలా కుదరకపోతే చంక కింద అదే రంగు బట్ట ముక్క వేయించాలి.

సమస్య: ట్రాన్స్‌పరెంట్ స్ట్రాప్ వేస్తే ఇంకా ఎక్కువ కనబడుతోంది

ప్లాస్టిక్ స్ట్రాప్ వెలుగు పడితే మెరుస్తుంది, ఫంక్షన్ హాల్ ఫోకస్ లైట్ల కింద మరీ. చెమటకు చర్మానికి అతుక్కుంటుంది, కొన్నాళ్ళకు పసుపు పచ్చబడుతుంది. నేనైతే వద్దంటాను. మీ ఒంటి రంగుకు దగ్గరగా ఉన్న సన్నటి గుడ్డ స్ట్రాప్ దీనికన్నా తక్కువ కనబడుతుంది. తెల్లటి కాటన్ కింద కూడా అంతే, తెల్ల బ్రా అచ్చు తేలినట్టు కనబడుతుంది, ఒంటి రంగుది కనబడదు.

సమస్య: టేప్ పెట్టిన అరగంటకే ఊడిపోతోంది

చెమట, నూనె, పౌడర్, లోషన్. వీటిలో ఏది ఉన్నా టేప్ పట్టదు. స్నానం చేసి పూర్తిగా ఆరాక, ఏమీ రాయకుండా పెట్టాలి. ఒంటికి వాడే టేపే కొనండి, ఆఫీసు సామాను దుకాణంలో దొరికే డబుల్ సైడ్ టేప్ చర్మానికి వాడొద్దు, దద్దుర్లు రావచ్చు. ముందురోజు మోచేతి లోపలి వైపు ఒక ముక్క అంటించి చూసుకోండి. ఊడదీసేటప్పుడు కొబ్బరినూనె రాసి మెల్లగా. ఏసీ హాల్లో రిసెప్షన్‌కు టేప్ ఫర్వాలేదు, ఏప్రిల్ మే నెలల్లో పగటి పెళ్ళికి దాన్ని నమ్ముకోకండి.

సమస్య: స్ట్రాప్‌లెస్ వేసుకుంటే మొత్తం కిందికి దిగుతోంది

మళ్ళీ బ్యాండే. స్ట్రాప్ లేనప్పుడు పట్టు అంతా దానిదే కాబట్టి వెడల్పు బ్యాండ్, లోపల సిలికాన్ అంచు ఉన్నది, బాగా పట్టేది కావాలి. ఆ సిలికాన్ మీద పౌడర్, మురికి చేరితే పట్టు పోతుంది, సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి. బరువైన ఛాతీ ఉన్నవాళ్ళు నాలుగైదు గంటల ఫంక్షన్‌కు దీని కన్నా మల్టీవే చూసుకోవడం మంచిది.

కొత్తగా కుట్టిస్తున్నారా

అయితే ఇదంతా కొలతల దగ్గరే తప్పించుకోవచ్చు. ఆ డ్రెస్ కింద వేసుకునే బ్రానే వేసుకుని కొలతలకు వెళ్ళండి. మా టైలరక్క ఎవరొచ్చినా ముందు అదే అడుగుతుంది: "గా బ్రానే ఏస్కొచ్చినవా బిడ్డా? లేకుంటే రేపు రా, గప్పుడే కొలత తీస్త." భుజం వెడల్పు స్ట్రాప్ మీదుగా పెట్టి కొలవమనండి, చంక లోతు చేయి కిందికి దించి ఒకసారి, ఎత్తి ఒకసారి చూడమనండి, లోపల పట్టీ టిచ్ బటన్ వేయమని బిల్లు మీద రాయించండి, నోటిమాటగా చెబితే పండగ రద్దీలో మర్చిపోతారు. బ్లౌజ్ అయితే కప్పులు లోపలే కుట్టించుకుని బ్రా లేకుండా వేసుకోవచ్చు, చిన్న ఛాతీ వాళ్ళకు అది హాయి, మిగతావాళ్ళకు ఆ కప్పులు బరువు ఆపవు. డ్రెస్ తెచ్చుకునే రోజు కూడా అదే బ్రాతో వెళ్ళి, అక్కడే వేసుకుని, చేతులు ఎత్తి వంగి చూసుకున్నాకే డబ్బులివ్వండి.