కొత్తవాడ దర్రీలు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే: సైట్‌లో గిరాకీ ఆగిపోయే చోట్లు, సరిచేసే పద్ధతులు

ఆన్‌లైన్ దుకాణం అనుకోగానే చాలామంది ముందు లోగో చేయిస్తారు, తర్వాత రంగులు ఎంచుకుంటారు. దుకాణం నడిచేదీ ఆగేదీ అక్కడ కాదు. చేత్తో తడిమి చూడలేని వస్తువు మీద కొనేవాళ్లకు కొన్ని అనుమానాలు ఉంటాయి: అసలు రంగు ఇదేనా, మా గదికి సరిపోతుందా, అన్నీ కలిపి ఎంత, ఎప్పుడొస్తుంది, నచ్చకపోతే ఎవరిని అడగాలి. ఇవి అడగకముందే జవాబు దొరికే సైట్‌లో సరుకు కదులుతుంది. ఇక్కడ వరంగల్ కొత్తవాడ దర్రీలను, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానాలను, ఉదాహరణగా పెట్టుకున్నాం. పెంబర్తి ఇత్తడి సామాను, నిర్మల్ బొమ్మలు, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (సన్నని వెండి తీగల పని) అమ్మేవాళ్లకూ లెక్క ఇంచుమించు ఇదే.

పేరు, కొలత, ఫొటో

ఒకే వస్తువును ఒకరు దర్రీ అంటారు, ఒకరు జంపఖానా అంటారు, పెద్దవాళ్లు షత్రంజీ అంటారు, ఫ్లాట్ కొత్తగా సర్దుకుంటున్నవాళ్లు కార్పెట్ అని వెతుకుతారు. అందుకని శీర్షికలో వస్తువు, కొలత, రంగు ఉండాలి: ‘చేమగ్గం కాటన్ దర్రీ, 4×6 అడుగులు, ముదురు నీలం’. మిగతా పేర్లు వివరణ మొదటి రెండు వాక్యాల్లో వచ్చేలా రాయండి. ‘రాయల్ కలెక్షన్ 07’ అని పేరు పెడితే దాన్ని గూగుల్‌లో కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

కొలత అడుగుల్లోనూ సెంటీమీటర్లలోనూ ఇవ్వాలి; 4×6 అడుగులంటే 122×183 సెం.మీ. అంచున వేలాడే కుచ్చులు ఈ కొలతలో కలిపారా లేదా అన్నది తప్పకుండా రాయండి. ఈ ఒక్క మాట లేక వాపసొచ్చే దర్రీలు ఉంటాయి. మగ్గం మీద నేసిన దానికి ఒక ఇంచు అటూ ఇటూ తేడా మామూలే, అదీ ముందే చెప్పాలి.

ఫొటోలు ఆరు చాలు. పూర్తి దర్రీ పైనుంచి ఒకటి, గదిలో కుర్చీ పక్కన పరిచి ఒకటి (సైజు అర్థం కావడానికి), అంచూ కుచ్చులూ దగ్గరగా ఒకటి, వెనకవైపు ఒకటి, నేత మీద రూపాయి బిళ్ల పెట్టి ఒకటి, మడతపెట్టి మందం కనిపించేలా ఒకటి. ట్యూబ్‌లైట్ కింద తీయొద్దు. ఆ వెలుతురుకు తగ్గట్టు ఫోన్ కెమెరా తనంతట తాను రంగు మార్చుకుంటుంది, నీలం కాస్తా బూడిద రంగులోకి దిగుతుంది. పొద్దున తొమ్మిది, పది గంటలప్పుడు ఎండ నేరుగా పడని వరండాలో తీయండి. పక్కన తెల్ల కాగితం పెట్టి, ఫొటోలో ఆ కాగితం తెల్లగా వచ్చిందో లేదో చూడండి; పచ్చగా కనిపిస్తే దర్రీ రంగు కూడా తప్పే. ఫోన్ నుంచి వచ్చిన 4, 5 ఎంబీల ఫొటోను అలాగే ఎక్కించొద్దు. వెడల్పు 1,200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ (తక్కువ సైజులో ఉండే ఫొటో ఫైలు రకం) రూపంలో 150 నుంచి 200 కేబీ లోపు పెట్టండి. పేజీలో ప్రధాన భాగం 2.5 సెకన్లలో కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలమానం. దాన్ని ఆఫీసు వైఫైలో చూస్తే లాభం లేదు. తక్కువ ధర ఫోన్‌లో, మొబైల్ డేటా మీద, ఊరి బయట నిలబడి తెరిచి చూడండి.

వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అలాగని అమ్మే ప్రతివాళ్లూ ఆ గుర్తు వాడకూడదు. అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్లకే ఆ హక్కు. మరమగ్గం సరుకును చేమగ్గం అని రాయడం గురించి వేరే చెప్పాలా.

పార్సిల్ లెక్క

ధర పెట్టే ముందు దర్రీని మడిచి, టేపుతో కొలవండి. లాభం తెలియకుండా జారిపోయేది ఎక్కువగా ఇక్కడే.

దర్రీ బరువు 2 కిలోలు అనుకుందాం. గుండ్రంగా చుడితే పార్సిల్ 122 సెం.మీ. పొడవు, 15 వెడల్పు, 15 ఎత్తు వస్తుంది. మూడూ గుణించి 5,000తో భాగిస్తే 5.49. చాలా కొరియర్లు ఈ పరిమాణపు బరువునూ అసలు బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తాయి. అంటే 2 కిలోల సరుకుకు 5.5 కిలోల బిల్లు. అదే దర్రీని వెడల్పులో మూడు, పొడవులో ఆరు పొరలుగా మడిస్తే 42×32×12 పెట్టెలో పడుతుంది. లెక్క 3.23, అరకిలో మెట్లలో పెంచితే 3.5. సరుకు అదే, మడతలోనే 2 కిలోల చార్జీ మిగిలింది. మడత గీతలు కనిపిస్తాయి కాబట్టి ‘నేల మీద పరిచి రెండు రోజులు ఉంచండి, సర్దుకుంటాయి’ అని ఒక చీటీ లోపల పెట్టండి. భాగించే సంఖ్య అన్ని కంపెనీలకూ ఒకటే కాదు, మీ ఒప్పందంలో చూసుకోండి. పెట్టె కొలతలు కనిపించేలా, తూకం మీద పెట్టి ఒక ఫొటో తీసి ఉంచండి. కొరియర్ వాళ్లు ఎక్కువ బరువు వేసినప్పుడు వాదించడానికి అదే ఆధారం.

వానాకాలంలో ప్యాకింగ్‌కు ముందు దర్రీ పూర్తిగా ఆరిందో లేదో చూడాలి. కొద్దిపాటి తేమతో ప్లాస్టిక్ కవర్లో బిగిస్తే నాలుగు రోజుల ప్రయాణంలో ముక్కవాసన పడుతుంది, దాన్ని ఎవరూ ఉంచుకోరు. సకినాలు పంపేవాళ్ల బాధ వేరు. పెట్టెలో కదలిక ఉంటే పొడి మాత్రమే చేరుతుంది, కాబట్టి ఒకదాని మీద ఒకటి బిగుతుగా పేర్చి, మధ్యలో కాగితం వేసి, పైన ఖాళీ లేకుండా నింపాలి. తినే వస్తువుకు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కూడా కావాలి.

ఇక ధర. దర్రీ కొన్నది 900, పెట్టె, టేపు 45, కొరియర్ 160, అమ్మే ధర 1,499 అనుకోండి. పేమెంట్ గేట్‌వే (సైట్‌లో కట్టిన డబ్బు మీ ఖాతాకు చేర్చే సంస్థ) 2 శాతం తీసుకుంటే, ఆ చార్జీ మీద 18 శాతం జీఎస్టీ కలిపి 2.36 శాతం, అంటే సుమారు 35 రూపాయలు. ఖర్చు 1,140, మిగిలేది 359. ఇందులోంచే అమ్మకం మీది జీఎస్టీ, ప్రకటనల ఖర్చు, మీ కూలి రావాలి. ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీ కలపండి. పదిలో మూడు పార్సిళ్లు తీసుకోకుండా తిప్పి పంపారనుకుందాం. పోనూ రానూ ఒక్కోదానికి 320, మూడింటికి 960. దాన్ని అమ్ముడైన ఏడింటికి పంచితే ఒక్కోదాని మీద 137 పడుతుంది. 359 కాస్తా 222 అయింది.

అలాగని క్యాష్ ఆన్ డెలివరీ తీసేస్తే కొత్త గిరాకీ దూరమవుతుంది. మధ్యేమార్గం: ఆర్డర్ పడ్డ గంటలోపు వాట్సాప్‌లో ‘మీ ఆర్డర్ ఖాయమేనా’ అని పంపి, జవాబు రానివాళ్లకు ఫోన్ చేసి, అప్పటికీ దొరక్కపోతే పంపకుండా ఆపడం. ముందే కట్టినవాళ్లకు 50 రూపాయలు తగ్గించినా మీకు నష్టం లేదు, 137తో పోల్చుకోండి.

డబ్బు కట్టే పేజీ

కొరియర్ చార్జీ చివరి పేజీలో హఠాత్తుగా ఊడిపడకూడదు. వస్తువు పేజీలోనే పిన్‌కోడ్ గడి పెట్టండి. 506002 అని కొడితే చార్జీ, చేరే తేదీ కనిపించాలి. ఖాతా తెరవమని బలవంతం పెట్టకండి. పేరు, ఫోన్, చిరునామా, పిన్‌కోడ్ చాలు. చిరునామాలో ‘దగ్గరి గుర్తు’ అన్న గడి విడిగా ఉండాలి. మన పల్లెల్లో ఇంటి నంబరు చూసి ఎవరూ రారు, గుడి పక్కనా బడి వెనకా అని చెబితేనే పార్సిల్ చేరుతుంది. రెండో ఫోన్ నంబరుకు కూడా చోటివ్వండి.

తరచూ వచ్చే ఒక తంటా: యూపీఐలో డబ్బు కట్ అవుతుంది, సైట్‌లో ఆర్డర్ కనిపించదు. కొన్నవాళ్లు ఫోన్‌పే లోంచి మళ్లీ బ్రౌజర్‌లోకి రాకుండానే మూసేస్తారు. తిరిగొస్తేనే ఆర్డర్ నమోదయ్యేలా సైట్ కట్టి ఉంటే డబ్బు అక్కడ, ఆర్డర్ గాలిలో. దీనికి మందు వెబ్‌హుక్. డబ్బు అందిన కబురు గేట్‌వే నుంచి నేరుగా మీ సర్వర్‌కు వచ్చే ఏర్పాటది. పెట్టాక ఒక రూపాయి వస్తువు కొని, డబ్బు కట్టగానే బ్రౌజర్ మూసేసి పరీక్షించండి. వర్డ్‌ప్రెస్ సైట్‌ను దుకాణంగా మార్చే వూకామర్స్ వాడేవాళ్లు కార్ట్, చెకౌట్ పేజీలను కాషె (cache) ప్లగిన్ నుంచి, అంటే పేజీల నకళ్లు దాచి త్వరగా చూపించే సాధనం నుంచి, మినహాయించాలి, లేకపోతే ఒకరి బుట్ట ఇంకొకరికి కనిపించే ప్రమాదం ఉంది. సర్వర్ పనులు తెలిసిన మనిషి చేతిలో లేకపోతే నెలకు అద్దె కట్టే షాపిఫై లాంటిదే నయం.

చేమగ్గం డిజైన్ చాలాసార్లు ఒకే ఒక్కటి ఉంటుంది. దాన్ని దుకాణంలో అమ్మేసి సైట్‌లో తీయడం మరిస్తే ఇంకొకరు డబ్బు కట్టేస్తారు. ఆన్‌లైన్‌లో పెట్టినవి విడిగా ఒక అలమరలో ఉంచి, ప్రతి దానికీ కోడ్ చీటీ కట్టండి. ఆ అలమర జోలికి దుకాణం అమ్మకాలు పోకూడదు.

చట్టం మాట క్లుప్తంగా. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం సంస్థ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. వేరే రాష్ట్రాలకు అమ్మాలంటే మామూలుగా జీఎస్టీ నమోదు కావాలి. కొన్ని హస్తకళా వస్తువులకు షరతులతో మినహాయింపు ఉంది, అది మీకు వర్తిస్తుందో లేదో అకౌంటెంట్‌తో తేల్చుకోండి.

వారం వారం చూడాల్సినవి

నాలుగు అంకెలు రాసుకుంటే చాలు: సైట్‌కు వచ్చినవాళ్లు, బుట్టలో వేసినవాళ్లు, చిరునామా నింపినవాళ్లు, డబ్బు కట్టినవాళ్లు. వెయ్యి మంది వచ్చి పది మందే బుట్టలో వేస్తే ఫొటో, ధర, లేదా తీసుకొచ్చిన ప్రకటన తేడా. బుట్టలో అరవై పడి చిరునామా దగ్గరికి పది మందే వస్తే కొరియర్ చార్జీని అనుమానించండి. చిరునామా నింపి డబ్బు దగ్గర ఆగితే మీ ఫోన్‌లో మీరే ఒక వస్తువు కొని పేమెంట్ పేజీని పరీక్షించి చూడండి. ఒక వారంలో ఒక్క మార్పే చేయండి, రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తేలదు.

బతుకమ్మ, దసరా ముందు మరో పని ఉంటుంది. పండుగ లోపు చేరాలంటే ఏ తేదీలోగా ఆర్డర్ పెట్టాలో సైట్ పైభాగాన ఒక పట్టీలో రాయండి: వరంగల్, హన్మకొండకు ఒక తేదీ, హైదరాబాద్‌కు ఒకటి, వేరే రాష్ట్రాలకు ఇంకొకటి. కొరియర్ చెప్పిన రోజులకు రెండు కలిపి లెక్కేయండి. మేడారం జాతర ఏడాదైతే ఆ వారంలో హన్మకొండ, ములుగు దారిలో పికప్‌లు ఆలస్యమవుతాయి, ఆ నోటీసు పది రోజుల ముందే పెట్టండి. తేదీ దాటిన రోజు పొద్దున్నే పట్టీ తీసేయడం మరవొద్దు.